ముల్లు కొలత, తోక కొలత

ఇప్పలకోన అనే అడవిలో కుందేళ్ళు, ముంగిసలు, ముళ్ళపందులు, కొండముచ్చులు, ఇంకా ఎన్నో జీవాలు ఎవరి చోట అవి బతికేవి. ఒకసారి వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. వాగులు ఎండిపోయాయి. అడవి మొత్తానికి ఎర్రబండ పక్కనున్న ఊట ఒక్కటే మిగిలింది. దాంతో నాలుగు వైపుల నుంచీ జంతువులన్నీ పిల్లాపాపలతో ఆ బండ మీదికి చేరాయి. చూస్తుండగానే అడవి నడుమ ఒక పట్నం తయారైంది.

పట్నమంటే తెలుసుగా, చోటు అందరికీ కావాలి, ఎవరికీ చాలదు. పైగా అది బండ. బొరియ తవ్వుదామంటే గోరు దిగదు. నా చోట్లో కాలు పెట్టావని ఒకరు, నా పిల్లని తొక్కావని ఇంకొకరు, పొద్దున లేస్తే తగువులే.

అప్పుడు ముళ్ళపంది అవ్వ ముందుకొచ్చింది. వయసు ఎక్కువ, మాట తక్కువ. ఒంటి మీది ముల్లు ఒకటి పీకి అందరి ముందూ పెట్టింది.

"ఇదే మన కొలత. వెదురు బద్దలతో తడికలు అల్లండి. ఏ తడికైనా నాలుగు ముళ్ళ పొడవు, మూడు ముళ్ళ వెడల్పు ఉండాలి. తీగతో కట్టండి, కావాలంటే విప్పుకోవచ్చు. ముదురు వెదురే కొట్టండి, పిలకల జోలికి పోకండి. వచ్చే ఏడాది కూడా మనం బతకాలి" అంది.

"మరి అందరి ఇళ్ళూ ఒక్కలాగే ఉంటాయి కదవ్వా?" అంది కుందేలు.

"తడికలే ఒక్కలాగుంటాయి. ఇల్లు నీ ఇష్టం. నాలుగు నిలబెట్టి పైన ఒకటి కప్పితే ఒక గది. పిల్లలు పుట్టారా, ఇంకో నాలుగు తెచ్చి పక్కన కట్టుకో. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారా, విప్పి కావలసినవాళ్ళకి ఇచ్చెయ్."

అలాగే చేశారు. కప్పు తడిక ఒక ముల్లంత బయటికొచ్చి, అదే చూరు అయింది. కుందేలుకి ఐదు పిల్లలు పుడితే పక్కన ఒక గది వెలిసింది. అవి పెద్దవయ్యాక ఆ గది విప్పి ముంగిస పట్టుకుపోయింది. కొత్తగా ఒక్క వెదురు కూడా కొట్టాల్సిన పని పడలేదు. తగువులు కూడా తగ్గాయి.

అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది మరొక దారి. ఆ ఉలిపికట్టె పేరు వాలయ్య, కొండముచ్చు. అడవి మొత్తంలో తనంత తోక ఇంకెవరికీ లేదని దాని గొప్ప.

"ముసలిదాని ముల్లుతో కొలిచిన ఇంట్లో నేనుండాలా? నా ఇంటికి నా తోకే కొలత" అంది.

దాని భార్య ఈరమ్మకి నెలలు నిండుతున్నాయి. "అవ్వ చెప్పిన కొలతే పెట్టుకుందామయ్యా. రేపు ఏదైనా అయితే నలుగురూ ఆదుకుంటారు" అని బతిమాలింది.

"నలుగురి ముందూ చెయ్యి చాచే ఖర్మ మనకేం పట్టింది?" అని వాలయ్య కసిరింది.

ఒక వెదురు పొదను పిలకలతో సహా నరికేసింది. తోకతో కొలిచి పెద్ద పెద్ద తడికలు అల్లింది. అయితే తోకతో కొలవడంలో ఒక చిక్కుంది. ఎండలో తోక సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ఒక తడికకీ ఇంకో తడికకీ పొత్తు కుదరలేదు. వాలయ్య సందుల్లో మట్టి మెత్తి ఎలాగో నిలబెట్టింది. దూరం నుంచి చూస్తే మేడలాగే ఉంది. అందరూ వచ్చి చూసి వెళ్ళారు. వాలయ్య గుమ్మంలో తోక వేలాడేసుకుని కూర్చుంది.

మూడో ఏడు వానలొచ్చాయి. మొదటి వానే గాలివాన. కుందేలు ఇంట్లో రెండు తడికలు, ముంగిస ఇంట్లో మూడు ఎగిరిపోయాయి. గాలి తగ్గగానే జంతువులు బయటికొచ్చి, దొరికిన తడికను దొరికినట్టు ఎవరి ఇంటికి అవసరమైతే వాళ్ళ ఇంటికి కట్టేశాయి. ఇది నాది, అది నీదని ఎవరూ అడగలేదు. వాన ఇంకా పడుతుండగానే అందరూ లోపలున్నారు.

వాలయ్య ఇంటికి మాత్రం మట్టి కరిగి ముందు గోడ మొత్తం కూలింది. ఈరమ్మకి ఆ పూటే బిడ్డ పుట్టింది. పసిగుడ్డు జల్లులో తడుస్తూ వణుకుతోంది.

కుందేలు, ముంగిస తమ దగ్గర మిగిలిన తడికలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాయి. నిలబెడితే పైన అందలేదు. పక్కన చాలలేదు. కట్టడానికి పట్టు దొరకలేదు. వాలయ్య తన వెదురు పొద దగ్గరికి పరుగెత్తింది. అక్కడ మొదళ్ళు తప్ప ఏమీ లేవు. ముంగిస జాలిపడి కొన్ని బద్దలు ఇచ్చింది. వాలయ్య ఆదరాబాదరాగా తోకతో కొలిచి ఒక తడిక అల్లింది. తడిసిన తోక చలికి ముడుచుకుపోయి ఉంది. ఆ తడిక జానెడు తక్కువైంది.

"ఏమయ్యా, పిల్ల చల్లబడిపోతోంది" అంది ఈరమ్మ. 

వాలయ్య ఆ తడిక అక్కడే పడేసింది. వెళ్ళి ముళ్ళపంది అవ్వ ముందు నిలబడి చేతులు జోడించింది. "అవ్వా, నా బిడ్డని కాపాడు. మీ తడిక ఒక్కటి కూడా నా ఇంట్లో ఇమడడం లేదు" అని ఏడ్చింది.

అవ్వ ఒక్క మాట కూడా దెప్పలేదు. "మా తడిక నీ ఇంట్లో ఇమడకపోతే ఏం, నువ్వు మా ఇంట్లో ఇముడుతావు. ముందు పిల్లని తీసుకురా" అంది.

కుందేలు రెండు, ముంగిస రెండు తడికలిచ్చాయి. అవ్వ ఇంటి గోడనే ఒక గోడ చేసుకుని మూడు నిలబెట్టి పైన ఒకటి కప్పితే గది తయారైంది. ఈరమ్మ పొడి ఆకుల మీద పడుకుని బిడ్డని పొట్టకి హత్తుకుంది. కాసేపటికి బిడ్డ వణుకు ఆగింది. పాలు తాగడం మొదలెట్టింది.

మర్నాడు వాన వెలిసింది. వాలయ్య కూలిన తడికలన్నీ మోసుకొచ్చి, అవ్వ ముల్లు అడిగి తీసుకుని, ఒక్కొక్కటే కొలిచి కోయడం మొదలెట్టింది. అంత మేడలోంచి పనికొచ్చినవి ఐదే తడికలు.

ముంగిస అటుగా పోతూ ఆగింది. "ఏం బావా, తోక ఏమైంది?" అంది.

"తోక ఊపుకోవడానికి, ఇంటికి ముల్లే" అంది వాలయ్య తలెత్తకుండా.

ఐదు తడికలంటే ఒక గదికి సరిపోతాయి. వాలయ్య ఆ గది కట్టుకోలేదు, అవ్వ పక్క గదిలోనే ఉండిపోయింది. రెండు కుందేలుకి, రెండు ముంగిసకి తిరిగిచ్చింది. మిగిలిన ఒక్కటీ అవ్వ గుమ్మం పక్కన ఆనించింది. రేపు గాలొస్తే ఎవరికో ఒకరికి కావాలి కదా.

నీతి: పదిమందితో కలిసే కొలత చిన్నదైనా ఆపదలో నీడ అవుతుంది; ఎవరితోనూ కలవని గొప్ప ఎంత పొడుగున్నా తల దాచుకోవడానికి పనికిరాదు.