హెప్సిబా మొదటి తల

హెప్సిబాకు ఒకటే దిగులు. మూడేళ్లుగా కాశింబీ దగ్గర జుట్టుకు రంగు వేసే పని నేర్చుకుంటోంది. ఇంతవరకూ ఒక్క తల కూడా చేతికి రాలేదు.

పెనుకొండ దర్గా వీధిలో కాశింబీది ఒంటిగది. గోరింటాకు, నీలి ఆకు తప్ప మరో రంగు ఆ గడప తొక్కదు. ఆకు ఎండబెట్టడం, దంచడం, పలచటి గుడ్డలో జల్లించడం అంతా హెప్సిబాదే. ముందు గోరింటాకు, కడిగాక నీలి, దేనికి ఎంతసేపో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తలకు పెట్టేది మాత్రం ముసలి కాశింబీయే. తల పూర్తయ్యాక అరచేతుల్లో కొబ్బరినూనె రాసుకునేది. ఆ సీసా హెప్సిబా ముట్టకూడదు.

ముసలామెకు ఇంకో అలవాటు ఉంది. ఎవరొచ్చినా ముందు తల దువ్వేది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని గిన్నెడు నీళ్లలో వేసి, ఒకటి తీసి, రెండు కొసలూ పట్టుకుని వెలుతురులో చూసేది. దిష్టి తియ్యడం కాబోలనుకుని ఆ నీళ్లు మూడేళ్లూ వీధిలో పారబోసింది హెప్సిబా. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే తెలియనిదానిలా కనిపిస్తానని భయం.

"నాకెప్పుడిస్తావు బూబమ్మా తల? నేను ముసలిదాన్నయ్యాకా?"

"అప్పుడు నీకే నేను రంగెయ్యాలి," అనేది కాశింబీ.

ఒక మధ్యాహ్నం ఇందుమతి వచ్చింది. ఊరూరా హరికథలు చెప్పే మనిషి. కూర్చోకముందే కొప్పు విప్పింది. జుట్టు సేమ్యాలా తిన్నగా జారింది.

"పుట్టు ఉంగరాల జుట్టు నాది. పోయిన వారమే మందు పెట్టించి సాపు చేయించుకున్నా. ఈ కణతల దగ్గర తెలుపు మాత్రం పళ్లికిలిస్తోంది. రేపు సాయంత్రం కథ. నల్లగా చేసి పంపండి."

కాశింబీ పక్కకు జరిగింది. "హెప్సీ, ఈ తల నీది."

సంతోషం వచ్చిన మనిషికి చెవులు పనిచెయ్యవు. పోయిన వారం మందన్న మాట హెప్సిబా విననేలేదు. నానబెట్టిన గోరింటాకు గిన్నె మీద మూత తీసింది, చెయ్యి పెట్టబోయింది.

కాశింబీ తన తలలోంచి ఒక తెల్లవెంట్రుక పీకి, నీళ్లలో ముంచి అందించింది.

"లాగు."

హెప్సిబా లాగింది. సాగింది. వదిలితే వెనక్కి ముడుచుకుంది.

ముసలామె ఇందుమతి జుట్టు దువ్వి, దువ్వెనలోంచి ఒకటి తీసి తడిపి ఇచ్చింది.

అది సాగింది. సాగి, ఇక వెనక్కి రాలేదు. ఇంకాస్త లాగితే పుటుక్కున తెగింది.

హెప్సిబా రెండు ముక్కల్నీ వెలుతురుకు పట్టి చూసింది. గిన్నె మీద మూత పెట్టేసింది.

"ఇవాళ వద్దక్కా."

"వద్దేంది? ఆకే కదా! ఆకేం చేస్తుంది?"

"ఆకు ఏమీ చెయ్యదు. ఈ ముద్ద బరువుకు, కడిగేటప్పుడు లాగుడుకు మీ జుట్టు ఆగదు. రేపు పువ్వులతో కణతలు కప్పుకోండి. మూడు వారాలాగి రండి, మళ్లీ లాగి చూస్తా."

"మూడు వారాలు ఈ తెల్లజుట్టుతో రుక్మిణీ కల్యాణం చెప్పమంటావా? రుక్మిణి అవ్వ అనుకుంటారు జనం! మూడేళ్లు నేర్చుకున్నది ఇదేనా?"

హెప్సిబా తల వంచుకుంది, మూత మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. ఇందుమతి కొప్పు చుట్టుకుని విసవిసా వెళ్లిపోయింది.

"వచ్చిన ఒక్క తలా పోయింది బూబమ్మా," అంది హెప్సిబా.

కాశింబీ గూట్లోంచి నూనె సీసా తీసి, ఆ పిల్ల అరచేతిలో రెండు చుక్కలు వేసింది.

"రాసుకో. తల పూర్తయ్యాక రాసుకోవాలి."