పెద్దబడిలో సోమిలి

ఇప్పలకోన అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, ఏనుగులు కలిసిమెలిసి ఉండేవి. అడవి నడుమ ఒక రాతిగుట్ట, ఆ గుట్ట మీద ఒక పెద్దబడి. ఈడొచ్చిన జంతువులు మూడేళ్ళు అక్కడే ఉండి మందాకుల విద్య నేర్చుకునేవి. ఆ బడిని నడిపేది భద్రమ్మ అనే ముసలి ఏనుగు.

ఒక తొలకరి ఉదయం లచ్చి అనే ఎలుగుబంటి తన కూతురు సోమిలిని వెంటబెట్టుకుని గుట్ట ఎక్కింది. సోమిలికి ఈడు వచ్చింది కాని, ఏ సంగతైనా మెల్లగా గాని బోధపడదు. ఐదు దాటితే లెక్క తప్పుతుంది. ఒకేసారి రెండు పనులు చెబితే రెండూ మరిచిపోతుంది.

గుమ్మంలో నీలకంఠం అనే నెమలి నిలబడి ఉన్నాడు. ఆ ఏడే చేరినా, బడిలో అందరికంటే చురుకైనవాడు. కొత్తవాళ్ళను పరీక్షించే పని భద్రమ్మ అతనికి అప్పగించింది.

"నలభై ఆకుల పేర్లు చెబుతాను, ఒక్కసారి విని అప్పజెప్పాలి. అదే ఇక్కడి నియమం" అన్నాడు నీలకంఠం.

సోమిలి మూడు పేర్లు చెప్పి ఆగిపోయింది. మొదటి పేరే మళ్ళీ చెప్పింది.

"లచ్చమ్మా, ఇది తెలివైనవాళ్ళ బడి. నీ కూతురిని ఇంట్లో ఉంచుకో. చీమలపుట్టలు తవ్వుకోవడానికి చదువెందుకు?" అన్నాడు నీలకంఠం.

లచ్చి తల దించుకుంది. "నేనున్నన్నాళ్ళు పుట్టలు నేనే తవ్విపెడతాను బాబూ. నా తర్వాత దీని సంగతేమిటని వచ్చాను" అంది.

ఆ మాట లోపలున్న భద్రమ్మ చెవిన పడింది. ఆమె బయటికి వచ్చి సోమిలి ముందు నిలబడింది.

"నీకేం నేర్చుకోవాలని ఉందమ్మా?"

"మందాకులు" అంది సోమిలి. "తమ్ముడికి జ్వరం వస్తే అమ్మ ఏడుస్తుంది. నేనేం చేయాలో నాకు తెలీదు."

భద్రమ్మ నెమలి వైపు చూసింది. "నీలకంఠం, ఆ నలభై పేర్ల నియమం పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో ఇప్పుడు గుర్తు రావడం లేదు" అంది. తర్వాత లచ్చి వైపు తిరిగింది. "నీ పిల్లకు ఎలా నేర్పాలో నాకూ తెలీదు లచ్చీ. నేనూ నేర్చుకుంటాను. వదిలి వెళ్ళు."

మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. పాఠం వేగంగా సాగిపోయేది. సోమిలి తప్పు ఆకు తెచ్చేది, తక్కినవాళ్ళు నవ్వేవారు. ఒక మధ్యాహ్నం ఆమె వాగు ఒడ్డుకు వెళ్ళి కాళ్ళలో ముఖం దాచుకుని కూర్చుంది.

గంగి అనే కుందేలు వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. గంగి కూడా ఆ ఏడే చేరింది. "పాఠానికి రావా?" అని అడిగింది.

"రాను. వాళ్ళు నవ్వుతున్నారు."

"నిన్న నేనూ నవ్వాను. తప్పే" అంది గంగి. "రా, ఒక్క ఆకు చూద్దాం. ఒక్కటే."

ఆ రోజు ఇద్దరూ నేలవేము ఒక్కటే చూశారు. పొద ఎక్కడుందో సోమిలే వెతికింది. ఆకు నలిపి వాసన చూసింది, కొరికి చేదు చూసింది. మర్నాడు మళ్ళీ అదే ఆకు, ఆ మర్నాడూ అదే. పదో రోజున సోమిలి కళ్ళు మూసుకునే నేలవేమును గుర్తుపట్టింది. గంగి చెవులు నిక్కబొడుచుకుని గంతులేసింది.

భద్రమ్మ ఇదంతా గమనించింది. అప్పటి నుంచి పాఠమంతా చెట్ల మధ్యకు మారింది. ఎవరికి అర్థం కాకపోయినా మళ్ళీ చెప్పమని అడగవచ్చంది. సోమిలి సిగ్గుపడకుండా అడిగేది. ఆమె అడిగితే తక్కినవాళ్ళకు లోలోపల హాయిగా ఉండేది. వాళ్ళలో సగం మందికి అప్పటిదాకా ఆ పాఠం సరిగా తెలియలేదు మరి.

నీలకంఠం మాత్రం చెట్ల మధ్యకు రాలేదు. "ఒకసారి విన్నది నాకు చాలు. ఆ ఎలుగుతో పాటు ఆకులు కొరుక్కుంటూ కూర్చోను" అన్నాడు.

మూడో ఏడు వానలకు అడవిలో చలిజ్వరం పాకింది. జింకపిల్లలు వరసగా పడుకున్నాయి. నీలకంఠానికీ ఒళ్ళు కాలుతోంది. అందరినీ తిప్పతీగ తెమ్మంది భద్రమ్మ.

తిప్పతీగ ఆకు తమలపాకులా ఉంటుంది. అచ్చం అలాగే ఉండే విషపుతీగ ఒకటి ఆ కోనలోనే ఉంది. నీలకంఠం అందరికంటే ముందు ఎగిరి వెళ్ళి ఒక తీగను ముక్కున కరుచుకొచ్చాడు.

సోమిలి దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. "అన్నా, ఇది కాదనుకుంటా" అంది.

"నాకు నువ్వు చెబుతావా?" అన్నాడు నీలకంఠం. "చూడు, ముందు నేనే తింటాను." అంటూ ఆకులు గబగబా మింగేశాడు.

పొద్దు తిరిగేలోగా అతను నేల మీద పడిపోయి వాంతులు చేసుకుంటున్నాడు. తోక ఈకలన్నీ బురదలో పడి ఉన్నాయి.

సోమిలి కొండవాలులో ఒక్కో తీగనూ నలిపి, వాసన చూసి, అసలైనదే తెచ్చింది. ఎవరికి ఎన్నిసార్లు ఇవ్వాలో లెక్క ఆమెకు అందలేదు. ఆ లెక్క గంగి చూసుకుంది. ఒక్కొక్క పిల్ల తలనూ ఒడిలో పెట్టుకుని కషాయం తాగించింది మాత్రం సోమిలే. తొందరపడటం ఆమెకు రాదు కాబట్టి ఏ పిల్లకూ పొరబోలేదు.

వారం తిరిగేసరికి జింకపిల్లలన్నీ లేచి తిరిగాయి. నీలకంఠం లేవడానికి నెల పట్టింది. ఆ నెలంతా అతనికి తేనెనీళ్ళు తాగించింది సోమిలే. ఒకరోజు అతను చిన్నగొంతుతో, "ఆ తీగ వాసన ఎలా ఉంటుందో నాకూ చూపిస్తావా?" అన్నాడు. సోమిలి సంతోషంగా కొండవాలుకు తీసుకెళ్ళింది. కాని నీలకంఠానికి ఆ ఏడు పట్టా రాలేదు. మొదటి ఏడు పిల్లలతో కలిసి మళ్ళీ పాఠం వినాల్సి వచ్చింది.

చదువు ముగిసేనాటికి సోమిలికి పదకొండు ఆకులే వచ్చు. భద్రమ్మ ఆ పదకొండింటి పేర్లతోనే పట్టా ఇచ్చి, వాగు దాపున ఉన్న మందుల పాకలో గంగితో పాటు కొలువులో పెట్టింది.

ఆ సాయంత్రం లచ్చి గుట్ట దగ్గరికి వచ్చింది. "చదువైపోయిందిగా తల్లీ, ఇంటికి పోదాం పద" అంది.

"రాలేనమ్మా" అంది సోమిలి. "రేపు పొద్దున్నే పాక తెరవాలి. నాకోసం చూస్తుంటారు."

లచ్చి కూతురి తల నిమిరి, ఒంటరిగా గుట్ట దిగింది. దారి పొడవునా ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది, నవ్వుతూనే ఉంది.

నీతి: నేర్చుకునే వేగం అందరిదీ ఒకటి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే మెల్లగా నేర్చుకునేవారూ తమ చోటు సంపాదించుకుంటారు. అంతా తెలుసన్న గర్వం తెలిసినవాణ్ణే పడదోస్తుంది.