కుండలో దొరికిన మహాభూతం

ఒకానొక రాజ్యంలో సముద్రమైతే ఉంది కానీ, రాజుగారు దాన్ని ఎప్పుడూ మేడ మీంచే చూసేవాడు. ఆయన పేరు వీరభానుడు. తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. తెలియనిదేదైనా ఎదురైతే ఆస్థాన పండితుడు పురుషోత్తముణ్ణి అడిగేవాడు.

ఆ పండితుడు ఒక కావ్యం రాశాడు. మనం ఇప్పుడు ఆక్టోపస్ అంటున్నామే, దాన్ని గురించే. అష్టపాది అన్నాడు దాన్ని. వాళ్ళ తాత గ్రంథంలో దాని చేతులు తెడ్డంత, తండ్రి గ్రంథంలో తెరచాప కొయ్యంత. తానేం తక్కువ తిన్నాడా? తాటిచెట్లంత చేసి, ఓడల్ని మింగించాడు.

విన్న రాజుకు చెమటలు పట్టాయి. ఆ సంగతి పైకి చెప్పుకోలేక, "ఆ భూతాన్ని పట్టి తెచ్చేదాకా ఎవరూ చేపల వేటకు పోరాదు" అని చాటింపు వేయించాడు. పదిహేను రోజులకు బెస్తపల్లెలో పొయ్యిలు ఆరిపోయాయి. పిల్లలు ఏడ్చే ఓపిక లేక పడుకున్నారు.

పదహారో నాడు పోలమ్మ అనే బెస్త ముసలమ్మ, మూతికి గుడ్డ కట్టిన కుండతో సభకు వచ్చింది.

"మారాజా, తవరి భూతాన్ని తెచ్చినాను."

సభ గొల్లున నవ్వింది. పోలమ్మ నవ్వలేదు.

"గుడ్డ ఇప్పేక ఇది అది కాదంటే నానేటి సేసేది? పంతులుగోరు ముందుగా ఆనవాళ్ళు సెప్పాల."

పండితుడు ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఎనిమిది చేతులు. చేతుల నిండా, అంటితే పట్టు వదలని గిన్నెల్లాంటి బొడిపెలు. క్షణానికో రంగు."

"ఇలాటిది ఇంకోటి ఉంటదా బాబూ? పిల్లో, తల్లో?"

"వెర్రిదానా! సృష్టిలో అది ఒక్కటే. దానికి తోడూ లేదు, సంతానమూ లేదు."

పోలమ్మ గుడ్డ విప్పింది. నీళ్ళలో జానెడు జీవి ముడుచుకుని ఉంది. మంత్రి వంగి చేతులు లెక్కపెట్టాడు. ఎనిమిదే. గిన్నెలూ ఉన్నాయి. చూస్తుండగానే అది మట్టిరంగు నుంచి తెల్లగా మారింది.

"ఇది... దాని పిల్ల అయి ఉంటుంది" అన్నాడు పండితుడు.

"సంతానం లేదని ఇప్పుడేగా సెలవిచ్చారు?" అన్నాడు రాజు. పోలమ్మ వైపు తిరిగి, "దీన్ని ఎలా పట్టావు?" అని అడిగాడు.

"పట్టేదేటి మారాజా! కాళీ కుండ నీటిలో దింపితే, ఇల్లనుకుని అదే దూరిపోద్ది."

ఉక్రోషంతో పండితుడు కుండ మీదికి వంగాడు. అది బెదిరి చిమ్మిన నల్లటి సిరా ఆయన మొహమంతా పడింది.

"కోపగించకండి బాబూ" అంది పోలమ్మ. "దానిదీ తవరి విద్దే. దొరికిపోతే సిరా సిమ్మి తప్పించుకుంటది."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వులో సగం, భయం తీరిన సంతోషం. చాటింపు అప్పటికప్పుడే రద్దయింది. పల్లెకు పది బళ్ళ బియ్యం వెళ్ళాయి. పండితుడు మాత్రం నెల్లాళ్ళు పోలమ్మ పడవలో తిరిగి, కంటితో చూసిందే రాయాలని ఆజ్ఞ అయింది.

ఆయన రాశాడు. కొత్త కావ్యంలో అష్టపాది జానెడే. పోలమ్మే తాటిచెట్టంత ఉంది.