మునిగిన రేవు గంట

అనగనగా సముద్రం ఒడ్డున ఒక మడ అడవి. ఆ అడవిలో అన్నీ ఉండేవి, ఒక్క మనుషుల సందడి తప్ప.

ఒకప్పుడు అక్కడ ఓడల రేవు ఉండేదట. రేవు చుట్టూ ఉన్న ఊరివాళ్ళు మడచెట్లన్నీ నరికి పొయ్యిలో పెట్టుకున్నారు. ఒక ఏడు ఉప్పెన వచ్చింది. అడ్డుకోవడానికి ఒక్క చెట్టు లేదు. ఊరంతా ఒక్క పూటలో మునిగిపోయింది. రేవు గంట మాత్రం బురద కింద ఉండిపోయింది.

ఆ తర్వాత జంతువులు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. రోజూ పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు ఎవరి ఇంటి ముందు వాళ్ళు ఒక మడకాయను మొలకెత్తేలా బురదలో గుచ్చాలి. "నాటాను!" అని సముద్రానికి వినపడేలా అరవాలి. ఆ తర్వాతే వేటకి వెళ్ళాలి. ఈమధ్య మనుషులు వచ్చి అభయారణ్యమని బోర్డు పెట్టారు గానీ, ఆ అడవిని పెంచింది జంతువులే.

పైడమ్మ అనే నీటికుక్కకి ఇద్దరు పసిపిల్లలు. వాళ్ళని బొరియలో వదిలి కదలాలంటే ఆమెకి గుండె దడ.

ఒక పొద్దున దట్టంగా మంచు పట్టింది. పైడమ్మ మడకాయ చేతిలోకి తీసుకుంది. లోపల పిల్లలు ఆకలికి కుయ్ మన్నారు. "ఒక్క రోజుకి ఏమవుతుందిలే" అని కాయ పారేసింది. "నాటాను!" అని అరిచి చేపలకి పరుగెత్తింది.

మంచులో, ఎక్కడో దూరంగా, గంట ఒక్కసారి మోగింది.

రెండో రోజూ అంతే చేసింది. పక్కచెట్టు మీది కొంగ చూసింది.

"ఏమే పైడీ, నాటానంటున్నావు. చేతులకి బురదేదీ?"

"కడుక్కున్నాను వదినా."

"నీళ్ళు తీసేశాయి కదే! దేంతో కడిగావు?"

"నీ పని నువ్వు చూసుకో!"

ఈసారి గంట కొంగ చెట్టు వేళ్ళ దగ్గర మోగింది.

మూడో రోజు కూడా పైడమ్మ ఊరికే అరిచింది. తిరిగి వచ్చేసరికి పిల్లలిద్దరూ నేలకి చెవులు ఆనించి ఉన్నారు.

"అమ్మా, మన ఇంటి కింద గంట మోగుతోంది. రమ్మంటోంది" అంది చిన్నది.

పైడమ్మ పాత దీపస్తంభంలో ఉండే ముసలి బావురుపిల్లి దగ్గరికి పరుగెత్తింది.

"మావా, ఆ గంట ఎవరు కొడుతున్నారు?"

"ఎవరూ కొట్టరమ్మా. మడచెట్ల వేళ్ళు నేలని గట్టిగా పట్టుకున్నంతకాలం అది కదలదు. అడుగున నీరు దారి చేసుకుంటే మోగుతుంది. నువ్వు రోజూ నాటుతున్నావు కదా?"

పైడమ్మకి నిజం నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది.

"నాటుతున్నాను మావా."

"అయితే నీకేం భయం? పిల్లలతో ఇంట్లోనే ఉండు."

మర్నాడు పున్నమి పోటు. పిల్లల ఆకలి చూడలేక ఆ రోజూ నాటకుండానే వెళ్ళిన పైడమ్మ వేటలో ఉండగా నీరు చప్పుడు లేకుండా లేచింది. అడవి అంతటా చెట్ల దగ్గర ఆగింది. పైడమ్మ వాకిట్లో మాత్రం ఆగలేదు. ఆమె వచ్చేసరికి బొరియ లేదు. సుడి తిరుగుతున్న నీళ్ళు ఉన్నాయి. వాటి అడుగున గంట మోగుతూనే ఉంది.

"పైడీ, ఇటు!" అని కొంగ అరిచింది. కొంగ నాటిన చెట్ల వేళ్ళకి చిక్కుకుని పిల్లలిద్దరూ వణుకుతున్నారు.

పైడమ్మ మళ్ళీ ఏ రోజూ మానలేదు. గంట కూడా మోగలేదు. అయినా చిన్నది ఇప్పటికీ ఆడుతూ ఆడుతూ ఆగిపోతుంది. నేలకి చెవి ఆనిస్తుంది.

"అమ్మా, ఇవాళ నాటావా?"

పైడమ్మ బురద చేతులు చూపిస్తుంది.

నీతి: పని చేస్తేనే మనల్ని కాపాడుతుంది, చేశానని చెబితే కాపాడదు.