పరికిణీ మడత

పళ్ల డాక్టరీలో పైచదువు చదువుతున్న జోయెల్‌కి కొలతలంటే ప్రాణం. పిల్లల తల ఎక్స్‌రే మీద పల్చటి కాగితం పరిచి, నుదుటి నుంచి గడ్డం దాకా గీతలు గీసి, కోణాలు కొలిచి, పుస్తకంలోని పట్టికతో సరిపోల్చేవాడు. తేడా వచ్చిందా, తప్పు ముఖానిదే. పట్టికది ఎన్నడూ కాదు.

ఆ రోజు సత్యవేణి అనే పదకొండేళ్ల పిల్ల తల్లితో వచ్చింది. బళ్లో 'ఎత్తుపళ్లు' అని ఏడిపిస్తున్నారట. పాపం, నవ్వడమే మానేసింది.

జోయెల్ లెక్కంతా కట్టి, గురువుగారు హైమవతి మేడమ్ ముందు పెట్టాడు.

"కింది దవడ వెనక్కి ఉంది మేడమ్. పట్టికకి ఆరు డిగ్రీలు తేడా. పైన రెండు పళ్లు పీకేసి, ముందు పళ్లని వెనక్కి లాగేద్దాం."

పీకడం అన్న మాట వినగానే సత్యవేణి రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేడమ్ పట్టిక చూశారు. అది పెద్దవాళ్ల ముఖాలు కొలిచి కట్టిన పట్టిక. అయినా శిష్యుణ్ని ఒక్క మాట అనలేదు. పిల్లని దగ్గరికి తీసుకుని, కళ్లు తుడిచి, ఆమె పరికిణీ అంచు తిరగేశారు. లోపల నాలుగు వేళ్ల వెడల్పున గుడ్డ మడిచి కుట్టి ఉంది.

సొరుగులోంచి కత్తెర తీసి జోయెల్ చేతికిచ్చారు.

"నడుం నుంచి మడమ దాకా కొలువు నాన్నా. కొలతకి మించిన గుడ్డంతా కత్తిరించెయ్యి."

"అయ్యబాబోయ్, దసరాకి కుట్టించిందండీ!" అంది తల్లి నూకరత్నం.

జోయెల్ కూడా కంగారుపడ్డాడు. "అదేంటి మేడమ్! ఎదిగే పిల్ల కదా, వచ్చే ఏడాదికి..."

అక్కడ ఆగిపోయాడు.

"ఆగావేం? పూర్తి చెయ్యి," అన్నారు మేడమ్.

జోయెల్ చెవులు ఎర్రబడ్డాయి. కత్తెర బల్ల మీద పెట్టి, సత్యవేణి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పళ్లేం పీకనులేమ్మా. నీ దవడ ఇంకా పెరుగుతుంది. దానికి సాయంగా చిన్న క్లిప్పు పెడతాను. సరేనా?"

పిల్ల తలూపింది. జోయెల్ మాత్రం తలెత్తి గురువుగారి వంక చూడలేకపోయాడు.

మేడమ్ వచ్చి అతని జుట్టు ముద్దుగా చెదరగొట్టారు.

"లేవరా. నువ్వూ ఎదిగే పిల్లాడివేలే."