ఎర్రచేతుల దాలమ్మ

అనగనగా అని నేనంటాను, ఊ అని మీరనాలి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ నాలుగడుగులు వేసి కూలబడుతుంది. తర్వాత నన్ననొద్దు.

అనగనగా, కొండలు ఇప్పటికంటే ఊళ్ళకి దగ్గరగా ఉన్న రోజుల్లో, ఏటి ఒడ్డున కూరవలస అని ఒక ఊరుండేది. అందులో ఇళ్ళు తక్కువ, తోటలు ఎక్కువ. వంగతోటలు, మిరపతోటలు, చిలగడదుంప మళ్ళు. ప్రతి తోట చుట్టూ, ఊరి చుట్టూ గోరింట కంచె. రాతిగోడ కట్టే స్తోమత ఎవరికీ లేదు. గోరింట నాటితే నాలుగేళ్ళకి కొమ్మా కొమ్మా పెనవేసుకుని కోడిపిల్ల కూడా దూరలేనంత గట్టిపడుతుంది. కానీ దాన్ని కోస్తూ ఉండాలి. వదిలేస్తే పైకి ఏపుగా లేచి అడుగున బోసిపోతుంది. పైన చూస్తే అడవి, కింద చూస్తే గుమ్మం.

ఆ ఊరి కంచెలన్నీ కోసేవాడు సన్నాసి. పేరుకి సన్నాసే గానీ పెళ్ళామున్న సన్నాసి. ఆవిడ పేరు దాలమ్మ. కంచె పక్కన ఊరివాళ్ళు వేసిచ్చిన గుడిసెలో ఇద్దరూ ఉండేవారు. కంచె కోసేవాళ్ళకే ఆ గుడిసె. పంట ఇంటికొస్తే ఇంత ధాన్యం, తోట కాస్తే ఇన్ని కూరలు, అదీ వాళ్ళ బతుకు. ఏడాదికి మూడు కోతలు. వానలకి ముందొకటి, దసరా వెళ్ళాక ఒకటి, మాఘంలో ఒకటి.

ఒక ఏడు వానలకి ముందు కోతలో సన్నాసిని పాము కరిచింది. మందు వచ్చేలోపే మనిషి పోయాడు. దాలమ్మ చేత గాజులు తీయించారు, బొట్టు చెరిపారు. పిల్లల్లేరు. పుట్టింటి వైపు ఎవరూ మిగల్లేదు. మొగుడి పని ఆవిడే అందుకుంది. కోసేటప్పుడు సన్నాసి గొణిగే మాటలే తనూ గొణిగేది.

"అడుగున ఉంచు, నడుమున దించు, నెత్తిన కొయ్యి. అడుగున ఉంచు, నడుమున దించు, నెత్తిన కొయ్యి."

గోరింట నూరి పెట్టుకుంటేనే పండుతుందని మీరనుకుంటారు. పొద్దస్తమానం చెమట చేతులతో కొమ్మలు దూసి, చిగుళ్ళు నలిపి చూడండి. మొదట వేళ్ళ చివర్లు ఎర్రబడతాయి. తర్వాత అరచేతులు. సన్నాసి చేతులూ అలాగే ఉండేవి. "ఏరా పెళ్ళికూతురా!" అని జనం ఏడిపిస్తే అతను నవ్వేసి ఊరుకునేవాడు. మగవాడి చేతులు ఎర్రబడితే నవ్వులాట. మొగుడు పోయినదాని చేతులు ఎర్రబడితే నవ్వులాట కాదు. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడది పువ్వు ముట్టకూడదు, గోరింట ముట్టకూడదు. ఆ రోజుల్లో అని ఊరికే అంటున్నాను గానీ, ఇప్పుడు మాత్రం ఏమంత తక్కువ?

ముందు నూతి దగ్గర ఆడవాళ్ళు చూశారు.

"ఒలే దాలీ, మొగుడు పోయినదానికి గోరింటేటే?"

"గోరింటెట్టుకోనేదప్పా. కంచె కోసేను."

తర్వాత సన్నాసి అన్న చూశాడు. అతనికి ఆ గుడిసె మీద కన్ను. మేకలు కట్టుకోడానికి బాగుంటుందని.

"మా తమ్ముడు పోయి ఏడాది తిరగనేదు. సేతులు పండించుకుని తిరుగుతన్నావా?"

"పండించుకోనేదు బావా. కంచె కోసేను."

మూడోసారి చూసింది ఊరి పెద్ద జగ్గునాయుడు. ఆయనంతట ఆయన చూడలేదు, చూసేలా చేశారు. ఆయన కూతురికి సంబంధం మాట్లాడ్డానికి పొరుగూరి వాళ్ళు వచ్చారు. కంచె వారనే నడిచొచ్చారు. పెళ్ళికొడుకు తల్లి అరుగు మీద కూర్చుంటూనే, "మీ ఊళ్ళో మొగుడు పోయినోళ్ళు కూడా గోరింటెట్టుకుంతారేటి?" అంది. నాయుడికి తల తీసేసినట్టయింది. వాళ్ళు అటు వెళ్ళగానే దాలమ్మని పిలిపించాడు.

"ఏటిది?"

"కంచె కోసేను బావూ."

"కోస్తే కోసేవు. ఆ ఎరుపు నాకు కనబడకూడదు. పోగొట్టుకో."

పోగొట్టుకోవాలనే చూసింది పాపం. బూడిదతో తోమింది. చర్మం ఊడొచ్చింది గానీ ఎరుపు ఊడి రాలేదు. చింతపండుతో రుద్దింది. చింతపండు తగిలితే గోరింట ఎలా పండుతుందో మీ ఇంట్లో ఆడపిల్లలకి తెలుసు. ఆ కంగారులో దాలమ్మకి గుర్తు రాలేదు. చేతులు ఇంకా ఎర్రబడ్డాయి.

అప్పుడు నాయుడు తన తెలివి ఉపయోగించాడు. "సేతులకి గుడ్డలు సుట్టుకుని కొయ్యి" అన్నాడు. అబ్బో, ఏం తెలివి! గోరింట బాగా పండాలంటే ఆడవాళ్ళు చేసేదే అది, చేతికి గుడ్డ చుట్టి ఉంచడం. ఆయన ఇంట్లో ఎవర్నడిగినా చెప్పేవారు. అడగలేదు. దాలమ్మ గుడ్డలు చుట్టుకుని, లోపల చెమటా పసరూ నానుతుంటే దసరా కోతంతా కోసింది. గుడ్డలు విప్పితే, పెళ్ళికూతురి చేతులైనా అంత పండవు.

నూతి దగ్గర ఒకావిడ నవ్వింది. "మొగుడికి పెళ్ళామంటే పేనమైతే అంత బాగా పండుతాదంతారే దాలీ!"

దాలమ్మ నవ్వలేదు. చేతులు చూసుకుంది. సన్నాసి బతికుండగా ఏ ఆషాఢంలోనూ ఆమె చేతులు ఇంత పండలేదు. అన్నాళ్ళూ ఎవరేమన్నా ఏడవనిది, ఆ మాటకి ఏడ్చింది.

నాయుడు ఆ చేతులు చూసి మండిపడ్డాడు. "రేపట్నుంచి కంచె జోలికి రాకు" అన్నాడు. సన్నాసి అన్న ఆ పక్కనే ఉన్నాడు. "కంచె కొయ్యనిదానికి కంచె పక్కన గుడిసెందుకు? వానలు పడేలోగా కాళీ సెయ్యి" అన్నాడు. నాయుడు కాదనలేదు. ఊరిని కాయాల్సిన పెద్దమనిషే ఊరుకుంటే, కంచే చేను మేసినట్టు కాదూ?

దాలమ్మ ఎక్కడికి వెళుతుంది? కొండకి పోయి కట్టెలు తెచ్చుకుంటూ, గంజి తాగుతూ, వానల కోసం బెదురుగా చూస్తూ గడిపింది. ఊరంతా వానలు పడాలని మొక్కుతుంటే ఆవిడొక్కర్తీ పడొద్దని మొక్కింది.

మరి మాఘం కోత ఎవరు కోశారు? నాయుడు తన పాలికాపులిద్దర్ని పంపాడు. మొదటిరోజు కోసి ఎర్రవేళ్ళతో రచ్చబండ దగ్గరికొచ్చారు. "ఏట్రా, అత్తోరింటికి ఎప్పుడెల్తారు?" అని ఊరు ఊరంతా పట్టుకుంది. వాళ్ళు సన్నాసిలాంటి వాళ్ళు కారు. మర్నాడు కడుపునొప్పి అన్నాడొకడు, తలనొప్పి అన్నాడొకడు. పోనీ ముత్తయిదువలు కోస్తారా అంటే, మొగుళ్ళు ఒప్పుకోలేదు. కంచెలో పాములుంటాయట. దాలమ్మని కరిస్తే ఫరవాలేదు కాబోలు.

కంచె ఊరుకుంటుందా? పైకి లేచింది. అడుగున బోసిపోయింది. ఎండాకాలం రాగానే కొండమీంచి పందులు దిగాయి. తెల్లారి చూస్తే ఒక తోట దున్నేసినట్టుంది. మళ్ళీ తెల్లారి చూస్తే రెండో తోట. మూడోసారి నాయుడిదే. చిలగడదుంప ఒక్కటి మిగల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నాయుడు దాలమ్మకి కబురంపాడు. రాలేదు. మళ్ళీ పంపాడు. రాలేదు. చివరికి తనే వెళ్ళాడు.

దాలమ్మ గుడిసెలో కుండలు మూటకడుతోంది. మొదటి మబ్బులు అప్పటికే కనబడుతున్నాయి.

"దాలమ్మా, కంచె కొయ్యాల" అన్నాడు నాయుడు.

"కోస్తాను బావూ. గానీ సేతులు ఎర్రబడతాయి."

"గుడ్డ కట్టుకో."

"కట్టేను గదా. సూసేవు గదా."

నాయుడు నేల చూశాడు. "పోనీ, ఎవులికీ కనబడకుండా కొయ్యి."

"ఊరి సుట్టూ ఉన్న కంచె బావూ. ఎవులికీ కనబడకుండా ఎలా కొయ్యను?"

నాయుడు ఇరుకున పడ్డాడు. కొయ్యమనాలంటే పరువు అడ్డం. వద్దనాలంటే పందులు అడ్డం. రేపు చూద్దాంలే అని ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని విసుక్కుంటూ జరిగిందంతా చెప్పాడు. ఆ ఇంట్లో ఆయన తల్లి ఉంది, బంగారమ్మ. కొడుకు ఉయ్యాల్లో ఉండగా మొగుడు పోయాడు. అప్పటినుంచీ తెల్లచీర, బోడి మెడ. చేటలో బియ్యం చెరుగుతూ ఆవిడ అంతా వింది.

మర్నాడు పొద్దున్నే బంగారమ్మ పెరట్లోని కొడవలి పుచ్చుకుని, దాలమ్మ గుడిసె ముందు నిలబడింది.

"ఎలా కొయ్యాలో సెప్పవే."

దాలమ్మ బెదిరిపోయింది. "నువ్వా అమ్మా? నాయుడు బావు సంపేస్తాడు నన్ను!"

"ఆడికి పాలిచ్చినదాన్ని నాను. నీకెందుకు? సెప్పు."

దాలమ్మ చెప్పింది. "అడుగున ఉంచమ్మా. నడుమున దించు. నెత్తిన కొయ్యి." ఇద్దరూ కోశారు. పొద్దెక్కింది. చెమట పట్టింది. బంగారమ్మ మధ్యలో ఆగి, లేత కొమ్మ ఒకటి పట్టుకుని, కావాలనే అరచేతిలో పెట్టి నలిపింది. దాలమ్మ అది చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

"ఆ ఏడు ఆషాడంలో ఎట్టుకున్నానే" అంది బంగారమ్మ. "అది గోళ్ళమీంచి దిగకముందే ఆయన పోనాడు. గోళ్ళ సివర ఇంత ఎరుపు మిగిలుంతే, అదీ ఉండకూడదని కత్తిరించేసేరు. ఏడుపు ఆయన కోసమో గోళ్ళ కోసమో నాకప్పుడు తెలీనేదు. సిన్నదాన్ని."

దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకో కొమ్మ వంచి అందించింది.

మధ్యాహ్నం బంగారమ్మ ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంది. నాయుడు చూశాడు. చూసి, కూర్చున్నవాడల్లా లేచాడు.

"అమ్మా! నీ సేతులేటి?"

"కంచె కోసేను నాయినా."

నాయుడు కాదంటే ఎవర్నంటాడు? అన్నం పెట్టిన చేతులవి. "పందులు రాకూడదన్నావు గదా. కూకో, కూడు సల్లారిపోతాది" అంది తల్లి. ఆయన కూర్చున్నాడు.

ఆ మర్నాడు ఇంకొకావిడ వచ్చింది. ఆమె మొగుణ్ణి ఏరు తీసుకుపోయింది. తర్వాత ఒకావిడ, ఆమె మొగుణ్ణి జ్వరం తీసుకుపోయింది. ఆపైన ఒక పిల్ల వచ్చింది. పట్టుమని పదహారేళ్ళుండవు, మొగుడి మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఊళ్ళో ఇంతమంది ఉన్నారని అంతకు ముందెవరికీ తెలియదు. ఇళ్ళ వెనకాల ఉండేవాళ్ళు కదా, ఎవరు లెక్కపెట్టారు? అందరూ కంచె వెంట వరసగా నిలబడి కోశారు. ఆ పిల్లయితే కోసినదానికంటే నలిపిందే ఎక్కువ. ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికెళ్ళాక అత్తలు అడిగారు. మరుదులు అడిగారు. అందరిదీ ఒకే జవాబు.

"కంచె కోసేను."

వానలు పడ్డాయి. దాలమ్మ మూట విప్పేసింది. సన్నాసి అన్న మేకల్ని తీసుకుని వచ్చాడు గానీ, గుడిసె ముందు కొడవళ్ళతో కూర్చున్న ఆడవాళ్ళని చూసి, దారి తప్పినవాడిలా ఆ మేకల్ని తోలుకుని పోయాడు.

ఆ ఏడే నాయుడి కూతురి పెళ్ళి. వియ్యపురాలు బండి దిగి, కంచె వారన ఎర్రచేతుల వరస చూసి, "ఏటన్నయ్యా ఇది?" అంటూ మొదలుపెట్టింది. నాయుడు ఆమెని మాట పూర్తి చేయనివ్వలేదు.

"కంచె కోసేరు సెల్లెమ్మా" అన్నాడు. అని, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు తెప్పించాడు.

దాలమ్మ చాలాకాలం బతికింది. ముసలిదైంది. చివరికి ఒక ఏడు, కోత అయ్యాక జ్వరం తగిలి పోయింది. పెద్ద కథేమీ లేదు, అందరూ పోయినట్టే పోయింది. ఊళ్ళో మొగుడు పోయిన ఆడవాళ్ళందరూ కలిసి మోశారు. ఆడవాళ్ళు మోయకూడదని ఎవరో అనబోతే, ఎవరో నోరు మూయించారు. ఆ మూయించింది నాయుడే అని కొందరంటారు. నేను చూడలేదు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ వానలకి ముందు కోతని దాలమ్మ కోత అంటారు. ఆ కోత మగవాడు కోయడు, ముత్తయిదువ కోయదు. ఆషాఢానికి పుట్టింటికొచ్చిన కొత్త పెళ్ళికూతుళ్ళు కూడా వెళ్ళి, కంచె దగ్గర కొంగు పట్టి, "ఇంత ఆకు పెట్టమ్మా" అని ఆ ఎర్రచేతుల వాళ్ళనే అడగాలి.

ఇంకొకటి కూడా చేస్తారు. ఆ ఊళ్ళో ఏ ఆడపిల్ల మొగుడైనా పోతే, కర్మలయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, ఇల్లు బోసిగా ఉన్న పూట, నలుగురు ముసలమ్మలు ఆ గుమ్మంలోకి వస్తారు. ఓదార్పు మాటలేవీ చెప్పరు. "లేమ్మా. కంచె ఎదిగిపోనాది. కోద్దాం రా" అంటారు. నిన్ననే కోసిన కంచె అయినా ఆ మాటే అంటారు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. అయినా లేచి వెళుతుంది.