దర్బారు గారి వాటాకొచ్చిన పొడుగు గడ్డి

ఆషాఢమాసంలో కొత్త అల్లుడికి అత్తగారి గడప తొక్కే యోగం లేదు. పెళ్లి గుర్రానికి కల్యాణమండపం గడప తొక్కే యోగం లేదు. ఆ నెలంతా అల్లుడు ఏం చేస్తాడో మనకనవసరం. గుర్రం మాత్రం గడ్డి మేస్తుంది.

కాలవ గట్టు కింద సుబానీ అనే గుర్రాల ఆసామికి చిన్న పచ్చిక బీడు ఉంది. అందులో రెండే గుర్రాలు. మొదటివారు దర్బారు గారు. తెల్లగా, ఎత్తుగా, నెత్తిన కుచ్చు లేకపోయినా ఉన్నట్టే నడిచే పెళ్లి గుర్రం. రెండోది వయసు మళ్లిన ఆడగుర్రం. ఒకప్పుడు జట్కా లాగింది కనక అందరూ జట్కా పెద్దమ్మ అనేవాళ్లు. దర్బారు గారు బ్యాండు మేళం ముందు ఊరేగుతుంటే ఆవిడ ఇంటి దగ్గర గడ్డి కోసే బండి లాగేది. ఆ బండికి కింద బ్లేడు, వెనక సుబానీ, అంతే.

బీడుని నాలుగు ముక్కలు చేసి సుబానీ తాళ్ల దడి కట్టాడు. పద్ధతి పెద్దమ్మకి కంఠతా. ఒక ముక్కలో మేయాలి. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకి దిగగానే పక్క ముక్కలోకి పోవాలి. మేసి వదిలిన చోట గుర్రాలు మూతి పెట్టని పొడుగు దుబ్బులు మిగిలిపోతాయి గదా, వాటిని బండితో సమంగా కోసేయాలి. ఆపైన గేటు వేసి, గడ్డి మళ్లీ జానెడు లేచేదాకా అటు తిరిగి చూడకూడదు.

ఈ అటు తిరిగి చూడకపోవడం దగ్గరే దర్బారు గారికి తిక్క రేగేది.

ఆ ఏడు తిక్కకి భయం కూడా తోడైంది. "శ్రావణంలో మొదటి ముహూర్తానికి పెద్ద పెళ్లి ఒప్పుకున్నాను. అప్పటికి దీని ఒళ్లు నిగనిగలాడకపోతే ఇటుకబట్టీ వాడికి అమ్మేస్తా" అని సుబానీ పెళ్లాంతో అనడం దర్బారు గారి చెవిన పడింది. ఎలాగైనా ఒళ్లు చేయాలి. సలహా కావాలంటే పక్కనే ఉన్న పెద్దమ్మని అడగొచ్చు. వీరు వెళ్లి గట్టులో కాపురముండే నక్కని అడిగారు.

"పొడుగు గడ్డేమో కోయిస్తారు, పెరిగిన గడ్డికేమో గేటు వేస్తారు. ఇదంతా పెద్దమ్మ పన్నాగం కాదంటావా?"

నక్క నిట్టూర్చింది. "అడిగారు కాబట్టి చెప్తున్నా బాబుగారూ. నేను గడ్డి తినేదాన్ని కాదు, నాకు పక్షపాతం లేదు. పొడుగు గడ్డంటే సిరి. సిరిని ఎవరైనా కోయించుకుంటారా?"

"నేనూ అదే అనుకుంటున్నా."

"మీరు ముందే అనుకున్నారు. నేను గుర్తు చేశానంతే. గొప్పవాళ్లకి సలహా చెప్పడమంటే అంతేగా."

నక్క గడ్డి తినదన్నది నిజమే. అది కోళ్లు తింటుంది. బీడుకి ఇవతల గట్టులో దాని బొరియ, అవతల సుబానీ కోళ్ల గూడు, గూడు ముందు కుక్క. గడ్డి పొట్టిగా ఉన్నన్నాళ్లూ నక్క ముక్కు బయటపెడితే చాలు, కుక్క కళ్లబడేది. అదే గడ్డి నడుమెత్తు పెరిగితే దర్జాగా వెళ్లి భోంచేసి రావచ్చు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా.

మర్నాడు పంచాయతీ పెట్టారు. పెద్దమనిషి నక్కే.

"పెద్దమ్మా, వాటాలు పంచేసుకుందాం" అన్నారు దర్బారు గారు.

"పంచుకుందాం నాయనా. నేను వద్దన్నానా?"

అప్పటికి రెండు ముక్కల్లో గడ్డి కోసి ఉంది. మిగతా రెండిట్లో బండి ఇంకా తిరగలేదు. నక్క గొంతు సవరించుకుంది. "అందరూ మెచ్చే తీర్పు చెప్తా. బాబుగారి హోదాకి పొడుగు గడ్డి రెండు ముక్కలు. పెద్దమ్మగారికి పళ్లు అరిగాయి, ఆ పొట్టి గడ్డైతే మెత్తగా ఉంటుంది."

పెద్దమ్మ కోసిన గడ్డి కేసి చూసింది, మబ్బు కేసి చూసింది. "నా పళ్ల గురించి దిగులు పడ్డ పెద్దమనిషిని నిన్నొక్కదాన్నే చూశాను. సరే, నాకివే చాలు. కానీ ఒక్క మాట అబ్బాయ్. నీ రెండిట్లో ఒకటి మేస్తున్నప్పుడు రెండోది మూసి ఉంచు. గడ్డికీ ఒక ఆషాఢం ఉండాలి."

"నా వాటాలో నాకే గేటా? ఆ దడి పీకేస్తా. నీ బ్లేడు బండి ఇటొచ్చిందంటే కాలెత్తుతా."

"రాదులే. లాగేదాన్ని నేనేగా. నాకూ నడుం నొప్పి తప్పుతుంది."

అన్నట్టే అయింది. సుబానీ ఓసారి బండి అటు తిప్పబోతే దర్బారు గారు వెనక కాళ్లెత్తారు. పెళ్లి గుర్రం కాలికి బ్లేడు తగిలితే గతేమిటని సుబానీ జడిసి, ఆ రెండు ముక్కల జోలికి పోవడం మానేశాడు.

వానలు పడ్డాయి. గుర్రం ఎంత గొప్ప జాతిదైనా ఒక నియమం పాటిస్తుంది. లద్దె వేసిన చోట మూతి పెట్టదు. అక్కడి గడ్డి నడుమెత్తు పెరిగి, వెన్ను తీసి, ముదిరి పుల్లలైంది. సందు దొరికిన చోటల్లా వయ్యారిభామ కలుపు పూసింది. ఇక మిగిలిన లేత చోట్ల, ఆకు తల ఎత్తడం ఆలస్యం, దర్బారు గారు కొరికేసేవారు. కొరికిందే కొరికి, చివరికి మట్టి నాకారు. చూసేవాళ్లకి నిండా పచ్చదనం, తినేవారికి నిండా పస్తు.

ఇవతల పెద్దమ్మ ఒక ముక్క మేసి, కోయించి, మూసి, రెండో ముక్కలోకి పోయేది. వానకి కోసిన గడ్డి కొత్త పిలకలు వేసి చిక్కబడింది. ఓర్చినమ్మకు తేట నీళ్లన్నట్టు ఆవిడ ఒళ్లు తేరింది.

"పెద్దమ్మా, నీ గడ్డి చిక్కగా ఉందే" అన్నారు దర్బారు గారు తాడు మీంచి మెడ చాపి.

"పళ్లు అరిగినదాన్ని కదా నాయనా, గడ్డికి కూడా జాలేసినట్టుంది."

మనసు చివుక్కుమని నక్క దగ్గరికి పోయారు. "ఆకలేస్తోంది."

"అదేమిటి బాబుగారూ, అంత సిరి పెట్టుకుని?"

"సిరి నమలడానికి రావడం లేదు."

"అన్నీ నమలడానికేనా? దూరం నుంచి చూసి ఎంతమంది కుళ్లుకుంటున్నారో తెలుసా?" అంటూ నక్క మూతికంటిన ఈక తుడుచుకుంది.

శ్రావణం వచ్చింది. సుబానీ మఖమల్ గుడ్డ, కుచ్చు పట్టుకొచ్చాడు. గుడ్డ కప్పితే దర్బారు గారి పక్కటెముకలు దాని మీంచి కూడా లెక్కకొచ్చాయి. సుబానీ తల పట్టుకుని పక్కకి చూశాడు. అక్కడ జట్కా పెద్దమ్మ నిగనిగలాడుతూ గడ్డి నములుతోంది. ఆ సాయంత్రం కుచ్చు ఆవిడ నెత్తికెక్కింది. పెళ్లికొడుకు ఆవిడ వీపుకెక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఇటుకబట్టీ వాడొచ్చి దర్బారు గారి చుట్టూ తిరిగి చూశాడు. "దీని మీద ఇటుకలు వేస్తే ఇటుకలకే దెబ్బలు తగులుతాయి" అని వెళ్లిపోయాడు.

ఇంక గారు ఎందుకులెండి. పెళ్లికి పనికిరాక, బట్టీకి పనికిరాక, దర్బారుకి మిగిలింది గడ్డి బండి ఒక్కటే. సుబానీ దాన్ని బండికి కట్టి నేరుగా ఆ పొడుగు గడ్డిలోకే తోలాడు. గూట్లో కోళ్లు తగ్గిపోతున్న కోపం కూడా అతనికి ఉంది మరి.

ఒక్కో దుబ్బూ నేలకొరిగింది. చివరి దుబ్బులోంచి నక్క తల ఎత్తింది.

"ఆపండి బాబుగారూ, ఇది మన సిరి."

"నువ్వు గడ్డి తినేదానివి కాదుగా" అంది దర్బారు, బండి ఆపకుండా. "నీకెందుకు పక్షపాతం?"

చదునైన నేల మీద నక్క పరుగు కుక్కకి స్పష్టంగా కనబడింది. కాలవ దాటేసరికి నక్కకి తోకలో సగమే మిగిలింది. మళ్లీ ఆ గట్టున అది కనబడలేదు.

సాయంత్రం దర్బారు తాడు దగ్గర తల దించుకుని నిలబడింది. "పెద్దమ్మా, బుద్ధొచ్చింది. నీ గడ్డిలోకి రానా?"

"రా నాయనా. నిన్ను పస్తు పెట్టి నేను తినలేను. కానీ నేనున్న ముక్క నాలుగు వేళ్లకి దిగింది, రెండోది మూసి ఉంది."

"మరి ఎప్పుడు?"

"జానెడు లేచాక. అందాకా ఇద్దరికీ సుబానీ వేసే ఎండుగడ్డే."

దర్బారు మూసిన గేటు దాకా నడిచింది. లోపల లేత గడ్డి గాలికి ఊగుతోంది. కాసేపు నిలబడి, నోట్లో ఊరిన నీళ్లు మింగి, మొదటిసారి అటు తిరిగి చూడకుండా వెనక్కి వచ్చి ఎండుగడ్డి నమిలింది.

తినడానికి నోరుంటే చాలు, మళ్లీ తినాలంటే ఆగడం తెలియాలి.